ఫారిన్ నుంచి వచ్చేసే ముందు ఫ్రెండ్స్‌తో చివరి షాపింగ్: ఆ రోజు పాడవకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలంటే

రెండు దేశాల్లో ఉండి రెండుసార్లు మొత్తం సర్దుకుని వచ్చేసిన అనుభవంతో రాస్తున్నా ఇది. మొదటిసారి ఫ్రెండ్స్‌తో చివరి షాపింగ్‌ని ఫ్లైట్‌కి సరిగ్గా ముందు రోజు పెట్టుకున్నా. పొద్దున పదింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదింటికి రూముకొచ్చాం, చేతుల నిండా కవర్లు, తెల్లారేదాకా సర్దుతూనే ఉన్నా, పక్కనే కూర్చున్న ముగ్గురితో నాలుగు మాటలు మాట్లాడింది కూడా లేదు. పొద్దున ఎయిర్‌పోర్టులో పెద్ద సూట్‌కేస్ 27 కిలోలు చూపించింది, నాకున్న లిమిట్ 23. అక్కడే నేల మీద సూట్‌కేస్ తెరిచి కూర్చున్నా. మా రూమ్మేట్ నా చలికోటు లాగి తనే తొడుక్కుంది, ఇంకో ఫ్రెండ్ పుస్తకాలు చంకలో పెట్టుకున్నాడు, చివరిగా మాట్లాడుకోవాల్సిన ఆ ఇరవై నిమిషాలూ జిప్పులు లాగడంలోనే అయిపోయాయి. ఆ కోటు ఇప్పటికీ దాని దగ్గరే ఉంది, చలికాలం మొదలవగానే వేసుకుని ఫోటో పంపుతుంది.

రెండోసారి మాత్రం ముందే కూర్చుని ఆలోచించుకున్నా, ఆ రోజు చాలా బాగా గడిచింది. ఏం మార్చానంటే ఒకే ఒక్క విషయం, మిగతావన్నీ దాన్నుంచే వచ్చాయి: ఫ్రెండ్స్ లేకుండా కొనగలిగేవన్నీ ముందే ఒక్కదాన్నే వెళ్లి కొనేశా. ఆ రోజుకి ఫ్రెండ్స్ పక్కనుంటేనే బాగుండే కొనుగోళ్లు మాత్రమే మిగుల్చుకున్నా.

అంటే ఏంటో చెప్తా. ఇంట్లో వాళ్లు అడిగిన విటమిన్ సీసాలు, ఆఫీసు వాళ్లకి చిన్న చిన్న గిఫ్టులు, ఎలక్ట్రానిక్స్, సర్దడానికి టేపు, కొత్త సూట్‌కేస్, ఇవన్నీ లిస్ట్ పట్టుకుని వెళ్లి తెచ్చేసే పనులు. వీటికోసం ముగ్గుర్ని వెంటేసుకుని తిరిగితే వాళ్లు షాపులో ఒక మూల ఫోన్ చూస్కుంటూ నిలబడతారు, మీరు లేబుల్స్ చదువుతూ ఉంటారు, రోజు అయిపోతుంది. అదే అమ్మకి ఒక శాలువా, చెల్లికి ఒక బ్యాగు, మీకోసం ఈ ఊరి గుర్తుగా ఇంట్లో పెట్టుకునే ఒక వస్తువు, ఫ్రెండ్స్‌కి మీరు ఇవ్వాలనుకుంటున్నవి, ఇవి పది చూసి, ఒకటి పక్కన పెట్టి, మళ్లీ దాని దగ్గరికే వచ్చి, "ఇది బాలేదు, ఆ ఆకుపచ్చది తీస్కో" అని ఒకళ్లు గట్టిగా చెప్తే తీస్కునేవి. ఆ రోజు లిస్టులో ఇలాంటివి నాలుగైదు చాలు. అంతకంటే ఎక్కువుంటే మళ్లీ పరుగులే.

ఏ రోజు పెట్టుకోవాలి అంటే ఫ్లైట్‌కి నాలుగైదు రోజుల ముందు. ముందు రోజు అస్సలు వద్దు. నాలుగు రోజులుంటే కొన్నది సరిపోకపోతే మార్చుకోవచ్చు, బరువెక్కువైతే పార్సిల్ వేసుకోవచ్చు, అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే ఆ రోజు మీ బుర్రలో ప్యాకింగ్ గోల ఉండదు. అలాగని రెండు వారాల ముందు పెట్టుకున్నా కుదరదు, అప్పటికి సూట్‌కేస్‌లో ఎంత చోటుందో మీకే తెలీదు. ఫ్రెండ్స్‌కి ఉద్యోగాలుంటే శనివారం ఆదివారమే దొరుకుతుంది, కొన్ని దేశాల్లో ఆదివారం చాలా షాపులు తీయరు, అక్కడ ఉంటున్న మీకు ఇది తెలిసే ఉంటుంది కానీ వెళ్లిపోయే హడావుడిలో మర్చిపోతాం, అందుకే వెళ్లాలనుకున్న షాపుల టైమింగ్స్ ఒకసారి చూసి పెట్టుకోండి.

ఆ రోజుకి ముందు రాత్రి ఒక గంట కేటాయించి చేయాల్సిన పని ఒకటుంది, ఇది చేస్తే సగం టెన్షన్ పోతుంది. ఇప్పటిదాకా సర్దినదంతా తూకం వేయండి. కొక్కెం ఉండి చేత్తో పైకెత్తి చూసే చిన్న లగేజ్ స్కేల్ దొరుకుతుంది, అదొకటి కొనుక్కోండి. అది లేకపోతే మామూలు బాత్రూమ్ స్కేల్ మీద మీరు సూట్‌కేస్ పట్టుకుని నిలబడి, తర్వాత ఒక్కళ్లే నిలబడి తేడా తీసేసుకోండి. ఎకానమీలో చాలా చోట్ల ఒక్కో బ్యాగుకి 23 కిలోలు, కొలత పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. డబ్బు కట్టి ఎక్స్‌ట్రా బరువు తీసుకున్నా ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే మామూలుగా చెకిన్‌లో తీసుకోరు, దాన్ని ఎత్తే మనుషుల నడుం కోసం పెట్టిన లిమిట్ అది. ఇవి మామూలుగా ఉండే లెక్కలే, మీ టికెట్ మీద రాసున్నదే ఫైనల్, ఒకసారి అది తెరిచి చూడండి, కొన్ని టికెట్లలో బ్యాగుల లెక్క ఉంటుంది, కొన్నిట్లో మొత్తం కిలోల లెక్క ఉంటుంది, రెండూ ఒకటి కావు.

తూకం అయ్యాక మిగిలిన కిలోలు ఒక కాగితం మీద రాసుకోండి. నాకు రెండోసారి 6 కిలోలు మిగిలింది. ఆ 6 నే నా షాపింగ్ బడ్జెట్. డబ్బు బడ్జెట్ ఎలాగూ ఉంటుంది, కానీ తిరిగొచ్చేటప్పుడు అసలు ఇబ్బంది పెట్టేది బరువు. షాపులో ఒక వస్తువు చేతిలోకి తీసుకోగానే ఎంత ఉంటుందో అంచనా రావాలంటే కొన్ని లెక్కలు గుర్తుపెట్టుకోండి: జీన్స్ ప్యాంటు ముప్పావు కిలో అటూ ఇటూ, మగవాళ్ల షూస్ జత ఒక కిలో దాకా, పేపర్‌బ్యాక్ పుస్తకం 300 గ్రాముల పైనే, పెద్ద సూట్‌కేస్ ఖాళీదే నాలుగైదు కిలోలు. బట్టల్లోంచి గాలి తీసేసే వాక్యూమ్ కవర్లు అందరూ కొనమంటారు, అవి చోటు తగ్గిస్తాయి కానీ బరువు ఒక్క గ్రాము కూడా తగ్గించవు, పైగా చోటు మిగిలింది కదా అని ఇంకా కుక్కి లిమిట్ దాటిస్తాం.

ఇంక ఎవర్ని పిలవాలి. ఇద్దరు ముగ్గురు, మహా అయితే నలుగురు. అంతకు మించితే గుంపు రెండుగా చీలిపోతుంది, ఒకళ్లు కింద ఫ్లోర్‌లో ఒకళ్లు పై ఫ్లోర్‌లో, "ఎక్కడున్నారు" అని ఫోన్లతోనే సరిపోతుంది. మిగతా అందర్నీ ఇంకో సాయంత్రం ఇంటికి పిలవండి, అది వేరే రోజు, దీంతో కలపకండి. పిలిచేవాళ్లలో ఒకళ్లు మొహమాటం లేకుండా నిజం చెప్పేవాళ్లు ఉండాలి, "ఇది నీకు ఇంట్లో ఎందుకు పనికొస్తుందే" అని అడిగే మనిషి. అలాంటి ఒక్క ఫ్రెండ్ ఉంటే రెండు కిలోలు ఆదా అయినట్టే.

పిలిచేటప్పుడే మెసేజ్‌లో క్లియర్‌గా రాసేయండి. నేను రాసింది దాదాపు ఇలాగే ఉంది: "శనివారం పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా నాతో ఉండండి. మూడు చోట్లకే వెళ్తాం. మధ్యలో గంటన్నర కూర్చుంటాం. నాకు గిఫ్టులు కొనకండి ప్లీజ్, కొనే తీరతాం అంటే మాత్రం నా అరచేతిలో పట్టేదే కొనండి." చివరి మాట రాయడానికి కొంచెం మొహమాటపడ్డా, గిఫ్ట్ అడిగినట్టు ఉంటుందేమో అని. కానీ రాయకపోతే ఏమవుతుందంటే ప్రేమగా పెద్ద ఫోటోఫ్రేమో గాజు బొమ్మో తెస్తారు, దాన్ని వదిలేసి రాలేరు, తీసుకురానూ లేరు, ఇద్దరికీ బాధ. ఇంతా చెప్పినా తెచ్చారనుకోండి, "ఇది నీ దగ్గరే ఉంచు, నువ్వు మా ఊరొచ్చేటప్పుడు పట్టుకురా" అని చెప్పండి. మనసులో ఉన్న మాటే చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏం తీసుకెళ్లాలంటే, మడతపెట్టే గుడ్డ సంచి రెండు, కొక్కెం తూకం స్కేలు, కొలిచే టేపు, లిస్ట్ కాగితం, పాస్‌పోర్ట్ కాపీ, ట్యాక్స్ రీఫండ్ (కొన్నవాటి మీద కట్టిన పన్ను దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకోవడం) ప్లాన్ ఉంటే ఒరిజినల్. ఇంకోటి, ఇంట్లో ఉన్న చిల్లర నాణేలన్నీ ఒక డబ్బాలో వేసుకుని తీసుకెళ్లండి. డబ్బులు మార్చే వాళ్లు మామూలుగా నోట్లే తీసుకుంటారు, నాణేలు తీసుకోరు, అవి ఇంటికి తెచ్చుకుంటే డ్రాయర్‌లో పడుంటాయంతే. ఆ రోజు మొదటి చిన్న కొనుగోళ్లన్నీ నాణేలతోనే కట్టేయండి. అలాగే షాపుల పాయింట్స్ కార్డులు, సగం వాడిన గిఫ్ట్ కార్డులు, బస్సు ట్రైను కార్డులో మిగిలిన బ్యాలెన్స్, ఇవన్నీ ఎంతెంత ఉన్నాయో చూస్కోండి. ట్రావెల్ కార్డు డిపాజిట్ కొన్ని చోట్ల కౌంటర్‌లో తిరిగిస్తారు. ఇవ్వకపోతే కార్డు ఫ్రెండ్‌కి ఇచ్చేయండి, వాళ్లు రోజూ ఎక్కే బస్సే కదా.

చెప్పులో షూసో ఇంట్లో వాళ్లకి కొనాలంటే సైజు నంబర్ మీద ఆధారపడకండి. ఒక్కో దేశానికి ఒక్కో లెక్క, మగవాళ్ల షూస్‌లో అమెరికా నంబరు బ్రిటన్ నంబరు కంటే దాదాపు ఒకటి ఎక్కువుంటుంది, మళ్లీ ఆడవాళ్లవి వేరే. ఇంట్లో వాళ్లని కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, మడమ నుంచి బొటనవేలి చివరిదాకా సెంటీమీటర్లు కొలిచి ఫోటో పంపమనండి, ఆ కొలతతో మీరు ఇక్కడ అట్ట మీద అదే పాదం గీసి కత్తిరించుకోండి. మా నాన్న పాదం అట్టముక్క నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకెళ్లా నేను. షాపులో ఒక్కో షూ లోపలికి ఆ అట్ట దూర్చి చూస్తుంటే మా ఫ్రెండ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని వేలితో ముందు ఎంత ఖాళీ ఉందో కొలిచి చెప్పింది, "ఒక వేలు ఉంది, సరిపోతుంది అంకుల్‌కి" అని. ఇప్పటికీ ఆ షూస్ నాన్న వేసుకుంటే నాకు అదే గుర్తొస్తుంది, మా నాన్నని ఒక్కసారి కూడా చూడని మనిషి ఆయన పాదం కొలిచింది అని.

ఎటు నుంచి ఎటు వెళ్లాలి అనేది కూడా ముందే అనుకోండి. మూడు చోట్లు చాలు అన్నా కదా, అందులో మొదటిది మీరు ఆ దేశం వచ్చిన కొత్తలో అందరూ కలిసి వెళ్లిన షాపు అయితే మంచిది. ఏమీ కొనకపోయినా పర్లేదు. కొత్తలో ఏది ఎక్కడుందో తెలీక, మాట అర్థంకాక, దుప్పటీ ఒకటి కొనడానికి గంట తిరిగిన వరుసల్లో ఇప్పుడు నడుస్తుంటే కబుర్లు వాటంతటవే వస్తాయి, రోజుకి ఊపు వస్తుంది. తేలికైనవి, బాగా చూసి ఎంచుకోవాల్సినవి రెండో చోట, ఒంట్లో ఓపిక ఉండగానే. బరువైనవి, పగిలేవి చివరి చోట, లేకపోతే రోజంతా మోస్తూనే ఉండాలి. రెండో చోటికీ మూడో చోటికీ మధ్య కూర్చునే గంటన్నర మాత్రం వదులుకోవద్దు. టైమ్ సరిపోవట్లేదు అనిపిస్తే ఒక షాపు తీసేయండి, ఆ గంటన్నర తీసేయకండి. షూస్ కొనడం మాత్రం సాయంత్రం వైపే పెట్టుకోండి, మీకోసమైతే, ఎందుకంటే రోజంతా నడిచాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున కరెక్టుగా పట్టింది సాయంత్రానికి బిగుసుకుంటుంది.

ఇంక వస్తువుల సంగతి. ఒంటరిగా కొన్నవైనా ఆ రోజు కొన్నవైనా ఇవి చూడకుండా బిల్లు వేయించకండి, ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే.

కరెంటు వస్తువులు ముందు. వాటి అడుగునో చార్జర్ మీదో చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని రాసుంటుంది. అక్కడ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ఫోన్ ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి, పిన్ మార్చే అడాప్టర్ ఒక్కటి చాలు. కానీ ఒక్కటే వోల్టేజ్ రాసుంటే ఆగండి. జపాన్‌లో 100, అమెరికాలో 120, యూరప్‌లో ఆసియాలో చాలా చోట్ల 220 నుంచి 240. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటి వేడి పుట్టించే వాటికి వోల్టేజ్ రెట్టింపైతే లాగే కరెంటూ రెట్టింపై వేడి నాలుగింతలవుతుంది, పెట్టిన నిమిషంలోనే మాడిపోతుంది. అదే సగం వోల్టేజ్ ఉన్న చోట పెడితే మాడదు కానీ నాలుగో వంతు వేడే వస్తుంది, అసలు పనికిరాదు. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజ్ మార్చదు, ఇది చాలామందికి తెలీదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడతాం అంటే అంత వాటేజ్‌కి సరిపడేది వస్తువు కంటే బరువుంటుంది. మా ఇంట్లో ఒక గోడ గడియారం ఉండేది, కరెంటు 60 హెర్ట్జ్ లెక్క మీద నడిచే రకం, 50 హెర్ట్జ్ ఉన్న చోట పెట్టేసరికి గంటకి పది నిమిషాలు వెనక్కి పోయేది. వస్తువు బాగానే ఉంది, ఊరు మారిందంతే. అందుకే వేడి పుట్టించేవి, నేరుగా గోడ కరెంటు మీద తిరిగే మోటార్లు ఉన్నవి ఇంటికొచ్చాకే కొనుక్కోండి.

ఫోన్ కొనాలంటే మూడు చూడాలి. ఒకటి, లాక్ లేనిది అయ్యుండాలి, సిమ్ కంపెనీ వాయిదాల మీద ఇచ్చే ఫోన్లు చాలా దేశాల్లో వాళ్ల నెట్‌వర్క్‌కే కట్టేసి ఉంటాయి, డబ్బు మొత్తం కట్టేసినా అన్‌లాక్ అవ్వడానికి రోజులు పట్టొచ్చు, మీరు ఇంకా ఆ దేశంలో ఉండగానే ఆ పని అయిపోవాలి. రెండు, సిమ్ ఎక్కడ పెడతారు అనేది, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటిలో సిమ్ ట్రే తీసేశారు, మొత్తం ఈసిమ్మే, అంటే కార్డు పెట్టే పని లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్, ఇంటికెళ్లాక వాడబోయే కంపెనీ ఈసిమ్ ఇస్తుందో లేదో చూస్కోండి. మూడు, వారంటీ, అది కొన్న దేశంలోనే చెల్లుతుందా ఎక్కడైనా చెల్లుతుందా అని షాపు వాణ్ణి అడిగి కార్డు మీద చూపించమనండి, నోటి మాట నమ్మకండి.

పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సూట్‌కేస్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత పవర్ నిల్వ ఉంటుందో చెప్పే కొలత) దాకా పర్లేదు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ పర్మిషన్ తీసుకోవాలి, 160 దాటితే విమానంలోకే రానివ్వరు. డబ్బా మీద మిల్లీ ఆంప్ అవర్లే రాసుంటే దాన్ని 3.7 తో హెచ్చించి వెయ్యితో భాగించండి, 20,000 అంటే 74 వాట్ అవర్లు, 27,000 దగ్గరికొస్తే 100 కి ఆనుకుంటుంది. చాలా ఎయిర్‌లైన్లు ఈ మధ్య పవర్ బ్యాంకుల మీద ఇంకా గట్టిగా ఉంటున్నాయి, మీరెక్కేదాని రూలు విడిగా చూస్కోండి.

సెంట్లు, క్రీములు, లోషన్లు ఊళ్లో కొంటే చెకిన్‌లోకే. చాలా ఎయిర్‌పోర్టుల్లో చేతి బ్యాగుకి ఉండే 100 మిల్లీలీటర్ల లిమిట్ అనేది సీసా సైజుకి, లోపల ఎంత మిగిలింది అనేదానికి కాదు, 200 సీసాలో అడుగున కొంచెమే ఉన్నా తీసి పక్కన పడేస్తారు. లోపల నీళ్లు ఉండి ఊపితే మంచు పడినట్టు కనిపించే గాజు బంతులు గుర్తుగా అందరూ కొంటారు, అది కూడా లిక్విడ్ లెక్కలోకే వస్తుంది, చేతి బ్యాగులో పెట్టి పోగొట్టుకున్న వాళ్లని కళ్లారా చూశా. బట్టల మధ్యలో చుట్టి పెద్ద సూట్‌కేస్‌లో పెట్టేయండి.

పగడాలు, తాబేటి చిప్ప, దంతం, మొసలి తోలు, కొన్ని రకాల కలపతో చేసినవి, షాపులో అమ్ముతున్నారు కదా అని కొనేయకండి. సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, దాని కింద వీటిలో చాలావాటికి సరిహద్దు దాటించాలంటే పర్మిట్ కావాలి, కొన్నిటికి పర్మిట్ కూడా ఇవ్వరు. షాపులో అమ్మడం వేరే, దేశం దాటించడం వేరే. విత్తనాలు, మొక్కలు, మట్టి ఉన్నవి కూడా అంతే, బాల్కనీలో పెంచుకున్న మొక్క మీద ఎంత ప్రేమున్నా అది ఆ రోజు ఫ్రెండ్ చేతిలో పెట్టాల్సిన వస్తువే.

ట్యాక్స్ రీఫండ్ గురించి రెండు ముక్కలు. చాలా దేశాల్లో అది చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకే, అక్కడ రెసిడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకి వర్తించకపోవచ్చు, కాబట్టి వెనక్కి వస్తుందిలే అని లెక్కేసుకుని ఖరీదైనది కొనేముందు కౌంటర్‌లో మీ వీసా ఏంటో చెప్పి అడగండి. వర్తించే చోట ఫారం షాపులోనే కొన్నప్పుడే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు. యూరోపియన్ యూనియన్‌లో అయితే కొన్న నెల తర్వాత మూడో నెల ఆఖరులోపు వస్తువు బయటికి వెళ్లాలి, ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో వస్తువు చూపించి స్టాంపు వేయించుకోవాలి. వస్తువు చెకిన్ బ్యాగులో వేసేసి బెల్టు మీద పంపించేశాక చూపించడానికి ఏమీ ఉండదు, ఆ పని ముందు చేసుకోవాలి. గ్రేట్ బ్రిటన్‌లో 2021 జనవరి నుంచి ఈ సౌకర్యమే తీసేశారు.

బిల్లులు అన్నీ ఒకే కవర్లో. ప్రతిదీ ఫోటో తీసుకుని, మార్చాల్సి రావొచ్చు అనిపించిన వస్తువుల ఒరిజినల్ బిల్లులు అక్కడే ఉండే ఫ్రెండ్‌కి ఇచ్చేయండి. వస్తువు వాపస్ ఇస్తే డబ్బు మీరు కట్టిన కార్డుకే వెళ్తుంది, అందుకే ఇంటి డిపాజిట్ తిరిగొచ్చేదాకా, ఇలాంటి వాపసులు అయిపోయేదాకా బ్యాంక్ అకౌంట్ మూసేయకండి. నేను మొదటిసారి ముందే మూసేసి ఒక వాపస్ డబ్బు కోసం నెలల తరబడి మెయిల్స్ రాయాల్సొచ్చింది.

బరువెక్కువ అవుతుందనిపిస్తే పార్సిల్ ఆలోచన ఆ రోజే చేయండి. విమానంలో వెళ్లే కొరియర్లు బరువు ఒక్కటే చూడవు, పెట్టె పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి మామూలుగా 5000 తో భాగిస్తారు, అదీ అసలు బరువూ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. 60, 50, 40 ఉన్న పెట్టెలో దిండ్లు పెట్టి 6 కిలోలే కదా అనుకుంటే 24 కిలోలకి బిల్లు వేస్తారు. కాబట్టి మెత్తగా ఉబ్బెత్తుగా ఉండేవి పంపకండి, ఇచ్చేయండి. పుస్తకాలకైతే కొన్ని దేశాల పోస్టాఫీసుల్లో ఎం-బ్యాగ్ అని అచ్చు పుస్తకాలకి మాత్రమే ఉండే సర్వీసు ఉంది, ఒకే అడ్రసుకి ఒక సంచి, మీ పోస్టాఫీసులో ఉందేమో అడగండి.

ఇచ్చేయడం అన్నాను కదా, ఈ షాపింగ్ రోజు కొనడమే కాదు, ఇవ్వడం కూడా కలపండి. పొద్దున బయల్దేరేముందే ఇంట్లో ఎవరెవరికి ఏది అని చీటీలు అంటించి ఉంచితే సాయంత్రం తిరిగొచ్చినప్పుడు వాళ్లే తీసుకెళ్తారు. టేబుల్ ల్యాంపు, గొడుగు, సగం మిగిలిన డిటర్జెంట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇవి కొత్తగా వచ్చే స్టూడెంట్‌కి ఎంత అవసరమో మనకి తెలుసు కదా. ఇంకో లాభం ఏంటంటే, మీరు ఇచ్చేది ఏంటో తెలిస్తే ఫ్రెండ్స్ ఆ రోజు షాపులో అదే మళ్లీ కొనుక్కోరు.

డబ్బు లెక్కలు ఆ రోజే తేల్చుకోండి, ఆ సాయంత్రమే. ట్యాక్సీ ఎవరిచ్చారు, ఆ శాలువా ఎవరి కార్డు మీద కొట్టారు, పాత కరెంటు బిల్లులో వాటా ఎంత, అన్నీ. ఒకే దేశంలో ఉన్నప్పుడు నిమిషంలో పంపుకునే డబ్బు దేశం దాటాక చార్జీలు, మారకం రేటు అని చిన్న మొత్తాలకి అసలు గిట్టదు, పోనీలే అని వదిలేస్తాం, అది మనసులో ఎక్కడో ఉండిపోతుంది. ఫ్రెండ్‌షిప్‌లో అలాంటిది మిగలకూడదు.

ఇంకోటి చెప్పాలి, ఇది ఏ లిస్టులోనూ ఉండదు. మధ్యాహ్నం తర్వాత ఎప్పుడో ఒక టైమ్‌లో ఎవరో ఒకళ్లు మాట్లాడ్డం ఆపేస్తారు. మా వాళ్లలో అయితే ఎప్పుడూ గలగలా మాట్లాడేదే సైలెంట్ అయిపోయింది, రెండో షాపులో బిల్లు క్యూలో, నా సంచి పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. అప్పుడు "పద పద ఇంకో షాపు ఉంది" అని లాగకండి. పక్కకి వెళ్లి కూర్చోండి. కొనాల్సినవి రెండు తగ్గితే తగ్గాయి. ఏడుపొస్తే రానివ్వండి, సిగ్గుపడాల్సిందేం లేదు, మూడేళ్లు పక్క గదిలో ఉన్న మనిషి వెళ్లిపోతోంది మరి. మేము ఒక బెంచీ మీద పావుగంట ఏం మాట్లాడకుండా కూర్చున్నాం, ఆ రోజు అన్నిటికంటే బాగా గుర్తున్నది అదే నాకు.

ఫోటోలు కూడా చూస్కోండి, సెల్ఫీల్లో ఎప్పుడూ ఒకళ్లు సగమే పడతారు. షాపులో ఉన్న వాళ్లనో దారిన పోయేవాళ్లనో అడిగి నలుగురూ నిండుగా పడేలా కనీసం ఒక్కటి తీయించుకోండి. మీరు రోజూ వెళ్లే షాపు అయితే కౌంటర్‌లో ఉండే మనిషికి వెళ్లిపోతున్నా అని చెప్పండి, నేను చెప్తే ఆవిడ కౌంటర్ వెనక నుంచి బయటికొచ్చి చెయ్యి పట్టుకుంది, అన్నేళ్లలో మా మధ్య బిల్లు మాటలు తప్ప ఇంకో మాట లేదు.

విడిపోవడం మాత్రం షాపు గుమ్మం దగ్గరో బస్టాపులోనో వద్దు, చేతుల్లో కవర్లు పట్టుకుని బస్సు వస్తుంటే హడావుడిగా చెప్పే బై బాగోదు. అందర్నీ ఇంటికి తీసుకురండి. కవర్లు విప్పి డబ్బాలు, అట్టలు, ధర చీటీలు తీసేసి, అందరూ కలిసి సూట్‌కేస్‌లో సర్దండి, ఒక్కళ్లకి రెండు గంటలు పట్టే పని నలుగురికి అరగంట. తర్వాత తూకం. మా ఇంట్లో ఆ రాత్రి ఇద్దరు చెరో పక్కా పట్టి సూట్‌కేస్ పైకెత్తుతుంటే ఇంకొకళ్లు స్కేలు కొక్కెం పట్టుకున్నారు, బల్బు ఫ్రెండ్‌కి ఇచ్చేశాం కాబట్టి ఫోన్ లైట్ వేసి అంకె చదివా. 22.8. అందరూ ఓ అని అరిచారు.

నేను మాత్రం మళ్లీ జిప్పు తీసి ఒక పుస్తకం, ఒక స్వెట్టరు బయటికి తీసేశా, 22 కి వచ్చేదాకా. మీరు కూడా లిమిట్ దాకా నింపకండి, ఇంటి స్కేలుకీ ఎయిర్‌పోర్టు స్కేలుకీ కొంచెం తేడా ఉంటుంది అనేది ఒకటి. ఇంకోటి, ఎంత వద్దని చెప్పినా ఆఖరి రోజు పొద్దున ఎయిర్‌పోర్టులో ఎవరో ఒకరు చిన్న కవరు ఒకటి చేతిలో పెడతారు. ఆ కిలో దానికోసం.